ఏ.ఎం. రాజా: ‘తేన్ నిలవు’ తరువాత

విరుదునగరానికీ శివకాశికీ నడుమనున్న తిరుత్తంగల్‌లోనూ, దక్షిణాన కోవిల్‌పట్టి వరకు పరచుకొన్న నల్లరేగడి పల్లెలలోనూ ఇంట తెలుగు, వీధిన తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అటువంటి ఇళ్ళ అరుగుల మీద పెద్దలు కూర్చున్న చోట ఏ.ఎం. రాజా పేరు వచ్చినదంటే మాట రెండుగా చీలడం పరిపాటి. 1961లో ‘తేన్ నిలవు’ చిత్రం తరువాత ఆయన చిత్రసీమకు దూరం కావడానికి దర్శకుడు శ్రీధర్ కారణమని ఒక పక్షం వాదిస్తుంది. రాజా పట్టుదలే ఆయనకు శత్రువైనదని మరొక పక్షం అంటుంది. ఆయన కన్నుమూసి మూడు దశాబ్దాలు దాటినా ఈ వాదం తెగలేదు. ఆ గొంతు నేటికీ పెళ్ళిపందిళ్ళలో, తేనీటి అంగళ్ళలో వినిపిస్తూనే ఉన్నది కనుక తెగే సూచన కూడా లేదు.

ఏమల మన్మథరాజు రాజా 1929 జూలై 1న అప్పటి చిత్తూరు జిల్లాలోని రామచంద్రాపురంలో జన్మించారు. తల్లి లక్ష్మమ్మ, తండ్రి మన్మథరాజు. బిడ్డకు మూడు నెలలు నిండేసరికే తండ్రి మరణించారు. కుటుంబం రేణుకాపురానికి తరలిపోయింది. రాజా ఉన్నత పాఠశాల చదువు ఆరణిలో సాగింది. సరిహద్దు ప్రాంతపు పిల్లలకు ఈ బ్రతుకు కొత్తది కాదు. అమ్మతో మాట్లాడేది తెలుగు, పలక మీద దిద్దేది తమిళం. ఆనాడు చిత్తూరు, ఆరణి రెండూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు అటు చేరేనాటికి రాజా మద్రాసులో పేరున్న గాయకుడు. ఆయన గీత దాటి వెళ్ళలేదు. గీతే వచ్చి ఆయన పుట్టిన ఊరిని ఒక వైపు, పెరిగిన ఊరిని మరొక వైపు ఉంచింది.

మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బి.ఏ. చదువుతూ ఉండగానే రాజా పాటల పోటీలలో బహుమతులు గెలుచుకొన్నారు. ఆ పేరు విని హిజ్ మాస్టర్స్ వాయిస్ గ్రామఫోను కంపెనీ వారు ఆయనను పిలిచారు. తానే వ్రాసి, తానే బాణీ కట్టిన రెండు తెలుగు పాటలను రాజా అక్కడ పాడారు. వాద్యబృందాన్ని నడిపినది తరువాతి కాలంలో మహా సంగీత దర్శకుడైన కె.వి. మహదేవన్. ఆ పాటలు ఆకాశవాణిలో ప్రసారమైనప్పుడు జెమినీ అధిపతి ఎస్.ఎస్. వాసన్ విన్నారు. విన్నవెంటనే ఆ యువకుని పిలిపించి, ఈమని శంకరశాస్త్రి సంగీతం సమకూర్చిన తమిళ ‘సంసారం’లో ముఖ్యమైన పాటను పాడించారు. 1951లో ఆ చిత్రం విడుదలైనది. పట్టభద్రుడైన సంవత్సరమే రాజా నేపథ్య గాయకుడయ్యారు. 1950లో వచ్చిన తెలుగు ‘సంసారం’ వేరు, దానికి సంగీతం సుసర్ల దక్షిణామూర్తి. ఈ రెండింటినీ కలిపి చెప్పుకోవడం నేటికీ జరుగుతున్న పొరపాటు.

ఆ తరువాతి పదేళ్ళూ రాజావే అనవచ్చును. ఆయనది పెద్ద గొంతు కాదు. పద్యాన్ని ఎత్తి నిలబెట్టే గాంభీర్యం ఘంటసాలది, రంగస్థలపు మెరుపు టి.ఎం. సౌందరరాజన్‌ది. రాజా చేతికి అందినది మృదుత్వం. మైక్రోఫోను దగ్గర నిలబడి, పక్కనున్న మనిషికి మాత్రమే చెప్పినట్లుగా పాడటం ఆయనకు సహజంగా అబ్బింది. 1954లో వచ్చిన ‘విప్రనారాయణ’లో అక్కినేని నాగేశ్వరరావుకు, 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో ఎన్.టి. రామారావుకు ఆయన గొంతు ఇచ్చారు. రెండింటికీ సంగీతం సాలూరి రాజేశ్వరరావు. ‘మిస్సమ్మ’ను విజయా వారు తమిళంలో ‘మిస్సియమ్మ’గా కూడ ఏకకాలంలో తీశారు. తెలుగులో రామారావు చేసిన పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ చేశారు. తెరమీద ముఖం మారినది, భాష మారినది, గొంతు మాత్రం మారలేదు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఆ రెండు చిత్రాలనూ తమవిగానే భావించుకోవడంలో వింత ఏమున్నది?

1953లో సి. పుల్లయ్య తీసిన ‘పక్కింటి అమ్మాయి’లో రాజా తెర మీద కూడా కనిపించారు. పాడటం రాని మిత్రుడు పక్కింటి అమ్మాయి మనసు గెలుచుకోవడానికి చాటు నుండి పాట పాడిపెట్టే గాయకుని పాత్ర అది. మిత్రుడుగా రేలంగి, ఆ అమ్మాయిగా అంజలీదేవి నటించారు. నేపథ్య గాయకుని బ్రతుకంతా అదే కదా! ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత 1981లో అదే కథను మళ్ళీ తీసినప్పుడు ఆ పాత్ర ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి దక్కింది.

జెమినీ వారి చిత్రాలకు పాడుతున్న రోజులలోనే రాజాకు గాయని జిక్కితో పరిచయమైనది. ఆమె అసలు పేరు పి.జి. కృష్ణవేణి. 1943లో ‘పంతులమ్మ’తో బాలగాయనిగా ప్రవేశించి, రాజా కంటె ముందే పేరు తెచ్చుకొన్న విదుషి. వారి గొంతులు చాల పాటలలో జత కలిసిన పిమ్మట వివాహం జరిగినది.

రాజాకు చిన్ననాటి నుండి బాణీలు కట్టడం మీద మక్కువ ఉండేదని ఆ మొదటి గ్రామఫోను రికార్డే సాక్ష్యం. 1958లో తెలుగు చిత్రం ‘శోభ’కు సంగీత దర్శకత్వం వహించారు. మరుసటి సంవత్సరం శ్రీధర్ తొలిసారి దర్శకుడై ‘కల్యాణ పరిసు’ తీస్తూ సంగీతం రాజాకు అప్పగించారు. పాటలు పట్టుక్కోట్టై కల్యాణసుందరం వ్రాశారు. ఆ చిత్రం రజతోత్సవం జరుపుకొన్నది. ఒకే పాటను సంతోషంలో ఒక తీరుగా, దుఃఖంలో మరొక తీరుగా వినిపించిన నేర్పు శ్రోతలను కట్టిపడవేసింది. అవే బాణీలతో 1960లో తెలుగులో ‘పెళ్ళికానుక’ వచ్చి, ఆంధ్రదేశంలోనూ ప్రతి ఇంటా ప్రవేశించింది. అదే సంవత్సరం శివాజీ గణేశన్ నటించిన ‘విడివెళ్ళి’కి కూడ శ్రీధర్ రాజానే కోరుకొన్నారు. ఇంతటి విజయం చూసిన జోడీ విడిపోతుందని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

‘తేన్ నిలవు’ శ్రీధర్ సొంత సంస్థ చిత్రాలయ నిర్మించిన చిత్రం. యూనిట్ అంతా కాశ్మీరుకు వెళ్ళి చిత్రీకరించారు. కల్యాణసుందరం 1959 అక్టోబరులో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే మరణించారు గనుక ఈసారి పాటలు కణ్ణదాసన్ వ్రాశారు. అవి ఎంత మధురంగా కుదిరాయో వేరే చెప్పనక్కరలేదు. అయితే పాటలు ముగిసి నేపథ్య సంగీతం చేయవలసిన వేళకు దర్శకునికీ సంగీత దర్శకునికీ మాట పట్టింపు వచ్చినది. మిగిలిన పనికి రానని రాజా మొరాయించారనీ, చిత్రాలయ గోపు వంటివారు నడుమ తిరిగి పని పూర్తి చేయించారనీ ఆ సంస్థ వైపు వారు చెబుతూ వచ్చారు. చిత్రం 1961లో విడుదలైనది. తరువాత శ్రీధర్ తీసిన ‘నెంజిల్ ఓర్ ఆలయం’కు విశ్వనాథన్, రామమూర్తి ద్వయం సంగీతం అందించారు. రాజా, శ్రీధర్ మళ్ళీ ఆనాటి వలె కలిసి పనిచేయలేదు.

వాదం ఇక్కడే మొదలవుతుంది. శ్రీధర్ పక్షాన మాట్లాడేవారు సినిమా అనేది దర్శకుని ఇల్లు అంటారు. అంతమంది చెమటోడ్చిన చిత్రాన్ని చివరి దశలో నిలిపివేయడం ఏ ధర్మం, సొంత డబ్బు పెట్టిన నిర్మాతకు ఎంత గుండెకోత అని అడుగుతారు. రాజా పక్షం వారి సమాధానం మరొకటి. కాఫీ అలవాటు కూడా అంతగా లేని నియమబద్ధుడు, స్వరం విషయంలో చిన్న లోపాన్నీ ఒప్పుకోనివాడు, తన పనికి మర్యాద దక్కని చోట నిలబడలేదు, అందులో తప్పేమున్నది అంటారు. కాఫీ మాట అభిమానుల అతిశయోక్తి కావచ్చును గాని, నియమం, కచ్చితత్వం మాత్రం ఆయనతో పనిచేసిన వారందరూ ఒప్పుకొన్న సంగతులే.

రెండు పక్షాలవారూ మరచేది ఒకటి ఉన్నది. తలుపులన్నీ ఒక్క రోజులో మూసుకుపోలేదు. జెమినీ గణేశన్ నటించిన ‘ఆడిప్పెరుక్కు’ 1962లో వచ్చినది. దానికి సంగీతం రాజాదే, పాటలూ ఆయనవే. మలయాళంలో అదే సంవత్సరం ‘భార్య’ చిత్రంలో దేవరాజన్ సంగీతంలో పెరియారు నదిని కీర్తిస్తూ సుశీలతో కలిసి పాడిన పాట కేరళమంతా మారుమ్రోగింది. 1969లో ‘అడిమకళ్’ కోసం దేవరాజన్ ఆయనను మళ్ళీ పిలిచారు. కనుక ఒక్క శ్రీధర్‌తో వచ్చిన తగవే సర్వనాశనం చేసిందనడం సరికాదు. కాలం కూడ మారుతూ ఉన్నది. 1961 నాటి ‘పావమన్నిప్పు’తో జెమినీ గణేశన్‌కు పి.బి. శ్రీనివాస్ గొంతు చక్కగా అతికింది. కాకినాడలో పుట్టిన శ్రీనివాస్ కూడ తెలుగువారే కావడం ఒక విచిత్రం. కాదల్ మన్నన్ అని తమిళులు మురిసిపోయిన నటుని ప్రేమగీతాలను ముందు ఒక చిత్తూరు తెలుగు, తరువాత ఒక గోదావరి తెలుగు పాడాయన్నమాట. తెలుగులోనైతే ఘంటసాల మహావృక్షంగా నిలబడి ఉన్నారు. 1959 నాటి ‘అప్పుచేసి పప్పుకూడు’లో ఇద్దరి గొంతులూ ఉన్నాయి, అటు తరువాత రాజా గొంతు తెలుగులో అరుదైనది.

అయితే ఇది కేవలం అభిమానుల పంతం కాదు, ఒక సంసారం గడవడం గురించిన సంగతి కూడ. ఆ రోజులలో గాయకునికి పాటకు ఇంతని ఒక్కమారు ఇచ్చే పారితోషికమే దక్కేది. ఆ పాట గ్రామఫోను పళ్ళెమై వేలకొద్దీ అమ్ముడుపోయినా, రేడియో సిలోనులో ప్రతి సాయంత్రం మ్రోగినా పాడినవానికి వాటా లేదు. పాట మీద హక్కు నిర్మాతది, అమ్మకం రికార్డు కంపెనీది. గాయకులకు రాయల్టీ హక్కు మన చట్టంలో చేరినది 2012 సవరణతోనే. అందుచేత చిత్రసీమతో తెగిపోయిన గాయకునికి తన పాత పాటల నుండి ఒక్క కాసు కూడ వచ్చేది కాదు. మరల మరల వేదికనెక్కి అవే పాటలను స్వయంగా పాడితేనే ఇల్లు గడిచేది. శివకాశి అగ్గిపెట్టెల కర్మాగారాలలో పుల్లలు పేర్చుతూ రేడియోలో ఆ పాటలు విన్న ఆడవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిస్తే వారికే బాగా అర్థమయ్యేది. పెట్టెకు ఇంతని కూలి, ఆపైన పెట్టె ఎవరిదో!

రాజా, జిక్కి తమ సొంత వాద్యబృందంతో ఊరూరా కచేరీలు చేశారు. సముద్రం దాటి కూడ వెళ్ళి పాడి వచ్చారు. గుడి ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో, సభలలో తమిళం ఒకటి, తెలుగు ఒకటిగా వారు పాడుతూ ఉంటే జనం లేచేవారు కాదు. కొంత విరామం తరువాత చిత్రాలు కూడ మళ్ళీ పిలిచాయి. 1971లో ‘రంగరాట్టినం’లో వి. కుమార్ సంగీతంలో, 1972లో ‘పుగుంద వీడు’లో శంకర్ గణేశ్ సంగీతంలో జిక్కితో కలిసి పాడిన పాటలు పాత అభిమానులకు పండుగలయ్యాయి. 1973లో ‘వీట్టు మాప్పిళ్ళై’, 1975లో ‘ఎనక్కొరు మగన్ పిఱప్పాన్’ చిత్రాలకు ఆయనే సంగీతం కూర్చారు. కాని ‘కల్యాణ పరిసు’ నాటి కాలం మళ్ళీ రాలేదు. గొంతు చెడలేదు, మాధుర్యం తగ్గలేదు. అది మాత్రం రెండు పక్షాలవారూ ఒప్పుకొనే మాట.

తిరుత్తంగల్ నుండి విరుదునగరం కూడలి చేరి దక్షిణానికి రైలు పట్టితే సాత్తూరు, కోవిల్‌పట్టి, తిరునెల్వేలి, నాంగునేరి దాటి వళ్ళియూరు వస్తుంది. పెద్ద స్టేషను కాదు. 1989 ఏప్రిల్‌లో ఒక గుడి ఉత్సవంలో కచేరీ కోసం రాజా తమ బృందంతో ఈ దక్షిణ సీమకు ప్రయాణమై వచ్చారు. వళ్ళియూరు స్టేషనులో కదులుతున్న బండి ఎక్కబోయి, కాలు జారి ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య పడిపోయారు. అక్కడే ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు అరవై నిండలేదు. వేదిక మీద పాడవలసిన రోజున వార్త ఊళ్ళకు చేరినది.

జిక్కి ఆ తరువాత పాడటం మానలేదు. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో ఇళయరాజా సంగీతంలో బాలసుబ్రహ్మణ్యంతో కలిసి పాడి, కొత్త తరానికి కూడ తన గొంతు వినిపించారు. 2004 ఆగస్టు 16న మద్రాసులో ఆమె కన్నుమూశారు.