తలిశెట్టి రామారావుగారు: తెలుగు వ్యంగ్యచిత్రమునకు తొలిరేఖ

ఒరులను జూచి నవ్వుట సులభము. తన్ను జూచి తాను నవ్వుకొనుట కష్టము. ఈ రెండవ నవ్వును అచ్చుకాగితముమీద తెలుగువారికి నేర్పినవారు తలిశెట్టి రామారావుగారు. తెలుగున తొలి వ్యంగ్యచిత్రకారులుగా వారిని లోకము గణించుచున్నది.

వారు 1906 మే 20వ తేదీన జయపురమున జన్మించిరి. నేడు ఒడిషాలోని కోరాపుట్టు జిల్లాకు చేరిన ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణము జిల్లాయందుండెను. రామారావుగారు న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయవాదవృత్తి నవలంబించిరి. న్యాయస్థానము మనుష్యస్వభావమునకు పెద్దబడి. మాటకును మనసునకును గల దూరము అచ్చట కన్నంతగా మఱియెచ్చటను కనబడదు. ఫ్రాన్సు దేశపు వ్యంగ్యచిత్రకారులలో అగ్రగణ్యుడగు డామియే సైతము బాల్యమున న్యాయస్థానోద్యోగి యొకని కడ కొలువుచేసినవాడే.

డామియే చరిత్ర యిచ్చట స్మరింపదగినది. ప్రజల పన్నులను మ్రింగు తిండిపోతుగా తన రాజును చిత్రించినందులకు 1832లో అతనికి చెఱసాల ప్రాప్తించెను. 1835లో రాజకీయ వ్యంగ్యచిత్రములు శాసనముచే నణగద్రొక్కబడగా, అతడు న్యాయవాదులను, ధనికులను, సంసారులను చిత్రింపసాగెను. వ్యంగ్యచిత్రకళలోని ముఖ్యశాఖలు రెండును, అనగా రాజకీయచిత్రమును సాంఘికచిత్రమును, ఆ యొక్కని జీవితమునందే కానవచ్చును. ముక్కును, పొట్టను పెంచి వ్యక్తిని పోల్చు వికటచిత్రము, వ్యాఖ్య యక్కఱలేని మూగచిత్రము, కథను గడులుగా నడిపించు చిత్రమాలిక మొదలగునవి తక్కిన భేదములు. కార్టూను అను పేరునకు మొదట మందపుకాగితముమీది చిత్తుబొమ్మ యని యర్థము. పార్లమెంటు భవనపు గోడలకై గీసిన యట్టి చిత్తులను లండనులోని పంచ్ పత్రిక 1843లో పరిహసింపగా, ఆ పేరు హాస్యచిత్రమునకు స్థిరపడెను. ఆ పద్ధతి లక్నోలో 1877లో ఉర్దూ అవధ్ పంచ్‌గా వెలసెను. మద్రాసులో సుబ్రహ్మణ్యభారతి ఇండియా పత్రికలోను కనబడెను.

తెలుగునాట హాస్యమునకు కొఱతలేదు. తోలుబొమ్మలలో కేతిగాడు, ఊరూర పగటివేషములు, బోధను ప్రాంతమున చిందు భాగవతుల యాటలు పెద్దలను సైతము ఎగతాళి చేయుచునే యున్నవి. కాని యాట ముగిసిన నవ్వు ముగియును. ఆ నవ్వును కాగితముమీద నిలిపి, మఱునాడు మరల చూచుకొని సిగ్గుపడునట్లు చేయుట రామారావుగారి పని. 1930 ప్రాంతమున భారతి, ఆంధ్రపత్రికలలో వారి చిత్రములు వెలువడెను. వానిలో ప్రధానమైనది సాంఘికవిమర్శ. మన యిండ్లలోని లోపములను మనకే చూపినవి గనుక అవి యెవరో పరులను దూషించినవి కావు.

ఆ దశాబ్దముననే 1937లో నిజామాబాదున ఆంధ్రమహాసభ జరిగెను. అదే యేట బోధనున చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. కాని ఈ సీమలో సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలో నుండెను. ప్రభుత్వమును ప్రశ్నించు పత్రికకు మనుగడ దుర్లభము. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన వ్రాతలకు ప్రాణమునే చెల్లించెను. వ్రాతకే యింత వెలయైనచోట బొమ్మకు తావెక్కడిది? అట్టి కాలమున తన లోపమును తాను చూచి నవ్వుకొనుట యల్పవిషయము కాదు. ఇంటిలోని యన్యాయమును గుర్తింపనేర్చినవాడే రచ్చలోని యన్యాయమును గుర్తింపగలడు.

రామారావుగారు 1947లో, నలుబది యేండ్లు దాటినంతనే, దివంగతులైరి. ఆ వెనుక పత్రికలలో వ్యంగ్యచిత్రము నిత్యావసరమయ్యెను. దానికి నారుపోసినవారిని మాత్రము చిరకాలము మఱచితిమి. నేడు వారి జన్మదినమును తెలుగు వ్యంగ్యచిత్రకారుల దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. అది సంతోషమే, చాలినది కాదు. చిత్రకారుని ఆస్తి ఆయన గీసిన బొమ్మయే. నిజామాబాదు, బోధను ప్రాంతములలోని పాతయిండ్ల అటకలమీద పెద్దలు దాచిన పత్రికల కట్టలుండవచ్చును. వానిని చెదలకును తూకపువానికిని అప్పగింపకముందు ఒక్కమారు విప్పి చూచి, గ్రంథాలయమునకు చేర్చుడు. ఆ పుటలలో మన తాతలు తమ్ము జూచి తాము నవ్వుకొనిన నవ్వు దొరకవచ్చును.