గాయం మీద ఏం రాస్తున్నాం?

స్వస్థపరిచేవాడు దేవుడే. ఇది మన విశ్వాసం. అయితే గాయపడినవాడి ఒంటిమీద మన చేతులతో ఏం రాస్తున్నామో, అది అతనికి మేలు చేస్తోందో కీడు చేస్తోందో తెలుసుకోవలసిన బాధ్యత ఎవరిది? దేవుడే చూసుకుంటాడని ఆ బాధ్యతను కూడా ఆయన మీదకే నెట్టేయవచ్చునా? పదహారవ శతాబ్దంలో యుద్ధభూముల్లో క్షతగాత్రుల మధ్య బతికిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే జీవితం ఈ ప్రశ్నకు చక్కని జవాబు.

1510 ప్రాంతంలో ఫ్రాన్సులోని లవాల్ పట్టణ సమీపంలో ఒక సామాన్య కుటుంబంలో ఆయన పుట్టారు. లాటిన్ చదువుకున్న పెద్ద వైద్యులు ఆ రోజుల్లో చేతులకు రక్తం అంటనిచ్చేవారు కాదు. గాయాలు కడగడం, కట్లు కట్టడం, కుళ్లిన అవయవాలు కోయడం క్షురకవృత్తి వారి వంతు. పారే ఆ పనే నేర్చుకున్నారు. పారిస్‌లో పేదల ఆస్పత్రి అయిన ఒటెల్ దియూలో దాదాపు మూడేళ్లు రోగుల మధ్య గడిపారు. ఆయనకు లాటిన్ రాదు. కానీ చూసే కళ్లున్నాయి, జాలిపడే హృదయం ఉంది.

1536లో ఫ్రాన్సు సేనలు ఇటలీలోని ట్యూరిన్ వైపు కదిలినప్పుడు పారే కూడా వారితో వెళ్లారు. తుపాకి మందులో విషం ఉంటుందని, తూటా గాయాన్ని మరిగే నూనెతో కాల్చితేనే మనిషి బతుకుతాడని ఇటలీ వైద్యుడు జొవాన్ని ద వీగో గ్రంథం బోధించేది. అందరూ అలాగే చేసేవారు. పారే కూడా అలాగే మొదలుపెట్టారు. ఇంతలో క్షతగాత్రులు ఎక్కువై నూనె అయిపోయింది. వేరే దారి లేక గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయాలకు పట్టించారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. తాను కాల్చకుండా వదిలినవారు విషమెక్కి చనిపోయి ఉంటారన్న భయంతో పెందలకడనే లేచి వెళ్లి చూశారు. లేపనం రాసినవారికి నొప్పి కొద్దిగానే ఉంది, వాపు లేదు, రాత్రి బాగానే నిద్రపోయారు. మరిగే నూనె పోయించుకున్నవారేమో జ్వరంతో, వాపుతో, తీవ్రమైన నొప్పితో బాధపడుతున్నారు. ఇకమీదట తుపాకి గాయాలను అంత క్రూరంగా కాల్చకూడదని ఆయన తీర్మానించుకున్నారు. పెద్దల గ్రంథం ఒకటి చెబుతోంది, ఎదుట ఉన్న మనుషుల శరీరాలు మరొకటి చెబుతున్నాయి. పారే మనుషుల పక్షాన నిలిచారు.

ఆ దండయాత్రలోనే మరో సంఘటన జరిగింది. సేనాపతి వంటశాలలో పనిచేసే కుర్రవాడు కాగే నూనెలో పడ్డాడు. మందుల కోసం పారే దుకాణానికి వెళితే, అక్కడున్న ఒక పల్లెటూరి ముసలమ్మ పచ్చి ఉల్లిపాయలు కొద్దిగా ఉప్పు వేసి నూరి పట్టించమంది. ఆమె చదువు లేనిదని ఆయన కొట్టిపారేయలేదు, పెద్దావిడ చెప్పిందని గుడ్డిగా నమ్మనూ లేదు. రాసి చూశారు. మర్నాడు ఉల్లి పెట్టిన చోట బొబ్బలు రాలేదు, పెట్టని చోట వచ్చాయి. ఆ తర్వాత తుపాకి మందు అంటుకుని ముఖం కాలిన ఒక జర్మన్ సైనికుడు వచ్చినప్పుడు, ముఖంలో ఒక పక్క ఉల్లి ముద్ద, రెండో పక్క వాడుకలో ఉన్న మందు పెట్టి రెండింటినీ పోల్చి చూశారు. ఉల్లి పెట్టిన పక్కే బాగుంది. ఒకే మనిషి, ఒకే గాయం, రెండు మందులు. సరిపోల్చి తేల్చుకునే ఈ పద్ధతినే నేటి వైద్యశాస్త్రం ఎందరో రోగులతో, ఎంతో కట్టుదిట్టంగా పాటిస్తోంది. అలాగని కాలిన గాయానికి ఉల్లిపాయ పెట్టమని మేము చెప్పడం లేదు. ఒకరిద్దరి మీద చూసినది అందరికీ రుజువు కాదు. పారే దగ్గర నేర్చుకోవలసింది ఆ మందును కాదు, ఆ మనసును.

ఆయన కూడా అన్నిటినీ అలా పరీక్షించలేదు. ట్యూరిన్‌లో గాయాల లేపనానికి పేరుపొందిన ఒక వైద్యుని చుట్టూ రెండేళ్ల పాటు తిరిగి రహస్యం సంపాదించారు. తీరాచూస్తే అది కుక్కపిల్లలను లిల్లీ నూనెలో ఉడికించి, వానపాములు, టర్పెంటైన్ కలిపి చేసే తైలం! పారే దాన్నీ సంతోషంగా వాడారు. ఎంతటి వివేకికైనా పరీక్షించని నమ్మకం ఒకటి మిగిలే ఉంటుంది. అయితే తెలిసినదాన్ని మాత్రం ఆయన దాచుకోలేదు. తుపాకి గాయాల చికిత్సపై 1545లో ఆయన వెలువరించిన పుస్తకం లాటిన్‌లో కాక సామాన్య వైద్యులు చదవగలిగే ఫ్రెంచిలో ఉంది. 1552లో, కాలు తీసేసిన చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టే బదులు రక్తనాళాలను దారంతో ముడివేశారు. నలుగురు రాజుల కొలువులో శస్త్రవైద్యునిగా పనిచేశారు. 1575లో తన రచనలన్నిటినీ ఒకే సంపుటిగా తెచ్చినప్పుడు పారిస్ వైద్య పండితులు అభ్యంతరాలు లేవదీసినా ఆయన వెనుకంజ వేయలేదు.

ఆయన జీవితంలో ఒక చీకటి ఘట్టమూ ఉంది. తొమ్మిదవ చార్లెస్ రాజు దగ్గర బెజోర్ అనే రాయి ఉండేది. అది ఏ విషాన్నైనా విరుస్తుందని రాజు నమ్మకం. అలాంటి సర్వరోగ నివారిణి ఉండదని, మరణశిక్ష పడినవాడి మీద పరీక్షిస్తే తేలిపోతుందని పారే అన్నారు. వెండి పళ్లేలు దొంగిలించి ఉరిశిక్ష పడిన ఒక వంటవాడికి విషం, ఆపైన ఆ రాయి ఇచ్చారు. అతడు కొన్ని గంటలు నరకయాతన పడి మరణించాడు. నూనె తాగించి కాపాడాలని పారే చూసినా అప్పటికే ఆలస్యమైపోయింది. రాయి గుట్టు రట్టయింది, నిజమే. కానీ ఆ వంటవాడు కూడా దేవుని స్వరూపంలో సృజించబడినవాడే. సత్యాన్వేషణకు ప్రేమ తోడు లేకపోతే అదీ క్రూరత్వమే అవుతుంది. ట్యూరిన్‌లో క్షతగాత్రుల కోసం నిద్రపోలేని పారే, ఈ పరీక్షకు సలహా ఇచ్చిన పారే ఒక్కరే. అందుకే మనుషులను మనం ఆరాధించం, వారి జీవితాల నుంచి నేర్చుకుంటాం.

1572 ఆగస్టులో ప్రొటెస్టెంట్ల నాయకుడు కొలినీపై కాల్పులు జరిగినప్పుడు ఆయన వేలు తీసి, చేతికి చికిత్స చేసింది పారేనే. రెండు రోజులకే సెయింట్ బర్తొలొమయి నరమేధంలో కొలినీని చంపేశారు. పారే కూడా ప్రొటెస్టెంటేనని కొందరు చరిత్రకారులు, కాదని మరికొందరు అంటారు. ఆయనను సమాధి చేసింది మాత్రం కథోలిక దేవాలయంలోనే. ఏ పక్షంవాడి గాయమైనా ఆయనకు గాయమే. కట్టు కట్టడం వరకే తన పని, నయం చేసినవాడు దేవుడు అన్న మాటను తన రచనల్లో పదే పదే రాసుకున్నారు. 1590 డిసెంబరు 20న పారిస్‌లో ప్రభువు సన్నిధికి చేరారు.

దేవుడే స్వస్థపరుస్తాడని నమ్మినందువల్లే తన మందు గొప్పదని ఆయన మొండికేయనక్కర్లేకపోయింది. పనికిరాదని తేలితే విడిచిపెట్టడానికి వెనకాడలేదు. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమని పౌలు థెస్సలొనీక సంఘానికి నేర్పింది ఇదే (1 థెస్స 5:21). ఆ మాట ప్రవచనాల గురించి చెప్పినదైనా, పరీక్షించడం అవిశ్వాసం కాదని మనకు బోధిస్తుంది. హిజ్కియా ప్రార్థనను ఆలకించిన దేవుడే అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (యెషయా 38:21). మంచి సమరయుడు జాలిపడి ఊరుకోలేదు, దగ్గరికి వెళ్లి నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు (లూకా 10:34).

మరి మనం? చెయ్యి కాలితే చల్లని కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచడం మాని టూత్‌పేస్టు, సిరా పూస్తున్నాం. చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండుకు ఎవరో చెప్పిన ఆకు పసరు కట్టి, కాలు తీసేయవలసి వచ్చేదాకా ఆగుతున్నాం. ప్రార్థించిన నూనె రాస్తే చాలని, డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసమని చెప్పేవారికి చెవి ఒగ్గుతున్నాం. యాకోబు పత్రికలోని నూనె సంఘ పెద్దలు ప్రేమతో చేసే ప్రార్థనా పరిచర్యలోనిది (యాకోబు 5:14). అది సీసాల్లో అమ్ముకునే సరుకు కాదు. మన సంఘంలో మానని పుండుతో బాధపడే సహోదరుడో సహోదరో ఉంటే, వారితో కలిసి ప్రార్థిద్దాం. ఆ ప్రార్థన ముగియగానే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకువెళదాం. దేవుడు తన పని తప్పక చేస్తాడు. మన పని మనం నమ్మకంగా చేద్దాం.