ఎఱ్ఱపిట్ట

నేటి అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమందు, యాంక్టన్ సూ తెగలో 1876లో గర్ట్రూడ్ సిమ్మన్స్ జన్మించెను. తండ్రి తెల్లజాతివాడు, కుటుంబమును విడిచిపోయెను. తల్లి చెంత గుడారములో పెరిగిన ఆ బాలిక ఎనిమిదవ యేట, క్రైస్తవ ప్రచారకులు చెప్పిన ఎఱ్ఱని ఆపిల్ పండ్లకు, రైలు ప్రయాణమునకు ఆశపడి, తల్లికి ఇష్టము లేకున్నను ఇండియానాలోని వాబాష్ పాఠశాలకు పోయెను.

అచ్చట తొలిదినముననే ఆమె జడలను కత్తిరించిరి. ఆమె జాతిలో జుట్టు కురచచేసికొనుట మృతులకై దుఃఖించువారి లక్షణము, పిఱికివారి గుర్తు. మంచము క్రింద దాగిన పిల్లను బయటికీడ్చి, కుర్చీకి కట్టి ఆ పని ముగించిరి. వితంతువుల శిరోముండనమును చూచిన మన దేశస్థులకు ఆ బాధను వివరింపనక్కఱలేదు.

అయినను ఆమె చదువును విడువలేదు. ఎర్లాం కళాశాలలో చదువుచు, 1896లో ఇండియానా రాష్ట్ర వక్తృత్వపు పోటీలో, సభలో కొందఱు ఆదివాసి స్త్రీని హేళనచేయు పతాకమును ప్రదర్శించుచుండగా, ద్వితీయ బహుమతి గెలిచెను. పిమ్మట కార్లైల్ పాఠశాలలో ఉపాధ్యాయిని అయ్యెను. బిడ్డలనుండి భాషను, వేషమును, పేరును ఊడబెఱుకుటయే విద్యయని నమ్మిన సంస్థ అది. ఆ కొలువు విడిచి, 1900లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో మూడు వ్యాసములు వ్రాసి ఆ పద్ధతిని ఎండగట్టెను. వానికి తాను పెట్టుకొన్న లకోటా పేరు వాడెను: జిట్కాలా షా, అనగా ఎఱ్ఱపిట్ట. తల్లిని, తల్లిభాషను మఱపింపని చదువు తన వారికి కావలెనని ఆమె పట్టుదల. 1901లో తన జాతి కథలను ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను.

వివాహానంతరము భర్త రేమండ్ బోనిన్‌తో యూటా రాష్ట్రమున యూట్ తెగవారి నడుమ దాదాపు 14 ఏండ్లు గడపెను. 1916లో అమెరికా ఇండియనుల సంఘమునకు కార్యదర్శిగా ఎన్నికై, పిమ్మట వాషింగ్టను చేరెను.

1920లో అమెరికా స్త్రీలకు ఓటుహక్కు లభించెను. కాని ఆదివాసి స్త్రీలలో పెక్కుమందికి పౌరసత్వమే లేకుండెను. ఈ మాటను ఆమె తెల్లజాతి మహిళా సమాజముల వేదికలపై చెప్పుచు తిరిగెను. 1924లో పౌరసత్వపు చట్టము వచ్చెను. ఆ యేడే, ఓక్లహోమాలో చమురు భూములు గల ఆదివాసులను, అందును బాలికలను, సంరక్షకుల పేర కొందఱు దోచుకొనిన తీరును విచారించి, మఱి ఇద్దఱితో కలిసి నివేదిక ప్రకటించెను.

ఆమె ప్రతి నిర్ణయమును మెచ్చుట కష్టము. పెయోటీ అను మొక్కను పూజలో సేవించు ఆచారమును నిషేధింపవలెనని 1918లో కాంగ్రెసు విచారణలో సాక్ష్యమిచ్చెను. స్వజాతి సంప్రదాయములకై పోరాడిన స్త్రీ తోడి ఆదివాసుల పూజనే అడ్డగింపజూచుట నాకు కొఱుకుడుపడదు.

1926లో భర్తతో కలిసి జాతీయ అమెరికా ఇండియనుల మండలిని స్థాపించి, 1938 జనవరి 26న మరణించువఱకు అధ్యక్షురాలిగా ఉండెను. పౌరసత్వము వచ్చినను ఓటు అన్నిచోట్ల రాలేదు. ఆరిజోనా, న్యూమెక్సికోలలో 1948 దాక, ఆమె కాపురమున్న యూటాలో 1957 దాక ఆదివాసులు వేచియుండవలసివచ్చెను. 2024లో అమెరికా ప్రభుత్వము పావు డాలరు నాణెముపై ఆమె రూపమును ముద్రించెను. చేతిలో పుస్తకము, ప్రక్కన ఆమె పేరిటి పిట్ట.