భీమవరం నుంచి బోస్టన్ దాకా – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు



పండగ సంచికకి మన పెద్దవారి గురించి ఏదైనా రాయమని అడిగితే నాకు వెంటనే తోచిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అంటే సంక్రాంతి ముంగిట్లోనే అన్నమాట. భీమవరం అనగానే కోడిపందాలే గుర్తొచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి ఈయన కూడా గుర్తుకు రావాలని నా ఆశ.

నేను మెడిసిన్ ఈ దేశంలోనే చదివాను. మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ లాబ్ పుస్తకంలో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉండేది. దాని పేరు ఫిస్క్-సుబ్బారో. మా ప్రొఫెసరుగారు పలికిన తీరుకి అది ఏ యూరప్ వారి పేరో అనుకున్నాను. మా నాన్నగారు ఫోనులో చెప్పాకగాని అది మన సుబ్బారావు అని తెలియలేదు. సిగ్గుపడ్డాను.

చిన్నప్పుడు ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థి ఏమీ కాదు. డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోబోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకుంటే తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక, గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి చిక్కి శల్యమవుతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఎందుకు వస్తుందో, ఎందుకు తగ్గుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న పట్టుదలతో, మామగారి సాయంతో, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారు అప్పుడు గర్భవతి. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఇండియా వెళ్ళలేదు. ఆ దంపతులు మళ్ళీ కలుసుకోనేలేదు. ఈ దేశంలో సంసారాలు చేసుకుంటున్న మనం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఖాళీ చేసే కూలి పని. అలా చదివి, సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర రసాయన పరిశోధనలో చేరారు. 1925లో వాళ్ళిద్దరూ ప్రకటించినదే నేను చెప్పిన పద్ధతి. ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన పరిమాణం ఉన్న ద్రవంతో పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే లెక్క తేలుతుంది.

రక్తానికి ఇది చక్కగా పనిచేసింది. కండరం నుంచి తీసిన రసానికి వచ్చేసరికి పేచీ మొదలయింది. నీలిరంగు రావలసినంత త్వరగా వచ్చేది కాదు. వచ్చాక ఒకచోట ఆగకుండా కాసేపటికి మరింత చిక్కబడేది. ఏ క్షణంలో చూసిన అంకె సరైనది?

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. రెసిడెన్సీ మొదటి సంవత్సరంలో ఒక రాత్రి ఒక రోగి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని లాబ్ నుంచి ఫోను వచ్చింది. నేను కంగారుగా మందుకి పరుగెత్తాను. సీనియరు ఆపి, ముందు రోగిని చూశావా, ఇ.సి.జి. చూశావా, రక్తం ఎలా తీశారు అని అడిగింది. మళ్ళీ తీయిస్తే మామూలుగానే ఉంది. మొదటిసారి ట్యూబులో రక్తకణాలు చితికి, వాటిలోని పొటాషియం బయటికి వచ్చింది. మెషీను తప్పు చెప్పలేదు, ట్యూబులో నిజంగానే అంత ఉంది. కాని రోగి ఒంట్లో లేదు.

సుబ్బారావు గారికి ఎదురైనదీ ఇంచుమించు అలాంటిదే. కండర రసంలో రంగుకి అడ్డుపడే పదార్థం ఏదైనా ఉండవచ్చు. లేదా, ఫాస్ఫేటుని తనలో పట్టి ఉంచిన సున్నితమైన పదార్థం ఏదో కొలుస్తున్న ఆ ఆమ్లంలోనే విరిగిపోతూ, నిమిష నిమిషానికి ఫాస్ఫేటు విడుదల చేస్తూ ఉండవచ్చు. రెండింటిలోనూ కంటికి కనిపించేది ఒకటే. మరొకరైతే ఒక సమయం నిర్ణయించుకుని అప్పటి అంకె రాసేసుకునేవారు. వీళ్ళు ఆ తేడా వెంటే పడ్డారు. రెండోదే నిజమని తేలింది. అంతవరకు కండరంలో విడి ఫాస్ఫేటు అని అందరూ లెక్కగట్టినదాంట్లో చాలాభాగం అసలు విడిగా లేనేలేదు! ఆ పదార్థాన్ని వేరుచేసి, అది క్రియాటిన్, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసినదని 1927లో చూపించారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఈ అస్థిర పదార్థాన్ని పసిగట్టి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అది ఏమిటో మాత్రం వారికి తేలలేదు.

అప్పటికి కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం రాజ్యమేలుతోంది. దాని వెనక ఉన్న హిల్, మేయర్‌హాఫ్ గార్లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం కదులుతుందని చూపించేసరికి ఆ సిద్ధాంతం కూలింది. 1929లో ఫిస్క్, సుబ్బారావు గార్లు ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ కంపెనీకి పరిశోధన నడిపించడానికి వెళ్ళారు.

అక్కడ కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థం కోసం వెతికారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకి అది మందయింది. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనతలో కూడా రక్తం పెరగడం చూసి దానికీ ఇదే మందని చాలామంది అనుకున్నారు. కాని రక్తం బాగుపడుతున్నా రోగుల నరాలు పాడవుతూనే ఉన్నాయి. అసలు పదార్థం బి12 అని 1948లో వేరే కంపెనీలు తేల్చాయి. రక్త పరీక్ష అబద్ధం చెప్పలేదు, దాని మీద పెట్టిన నమ్మకమే హద్దు దాటింది.

ఈలోగా న్యూయార్కులో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలలో ఫోలిక్ ఆమ్ల జాతి పదార్థంతో కణుతులు తగ్గినట్టు కనిపించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లెడర్లీ నుంచి తెప్పించి కాన్సరు రోగులకు ఇచ్చారు. లుకేమియా ఉన్న పిల్లల్లో జబ్బు తగ్గకపోగా ఇంకా ఉరకలు వేసింది. ఒక డాక్టరుగా, తండ్రిగా ఆ వార్డు ఊహించుకోవడం నాకు కష్టం. ఆ సంగతి ఆయన దాచిపెట్టలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బుకి మేత అవుతోందంటే, దానికి అడ్డుపడేది ఇస్తే? సుబ్బారావు గారి బృందం అలాంటి విరోధి పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఎమినోప్టెరిన్ అనేదాన్ని 1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో వచ్చిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని రాశారు. ఆ గుణం తాత్కాలికమని వ్యాసం పేరులోనే చెప్పారు. అంతకుముందు ఆ జబ్బుకి తాత్కాలికం కూడా లేదు.

ఆ ఆగస్టులోనే నిద్రలో గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. వయసు 53.

ఎమినోప్టెరిన్‌కి తోబుట్టువు మెథోట్రెక్సేట్. నేటికీ లుకేమియాకు ఇస్తాము, కీళ్ళవాతానికీ ఇస్తాము. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ కీళ్ళకోసం వారానికి ఒక్కరోజు అది వేసుకుంటారు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం మాత్ర. విరోధులిద్దరూ ఒకే డబ్బాలో ఎందుకున్నారని ఆవిడ అడిగితే ఈ కథంతా చెప్పాను. పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకని ఏ రోజు వేసుకుంటున్నారని వచ్చినప్పుడల్లా అడుగుతాను. ఆదివారం అని నాకు తెలుసు, నా కాగితాల్లోనూ ఉంది. అయినా ఆవిడ నోటితో విన్నాకే రక్త పరీక్ష రిపోర్టు తీస్తాను.