పురపాలనా దక్షుడు ఫిరోజ్‌షా మెహతా

1871వ సంవత్సరంలో బొంబాయి నగరం అట్టుడికిపోయింది. అంతకు ఆరేళ్ల క్రితం మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఆర్థర్ క్రాఫర్డ్ నగరం రూపురేఖలు మార్చాడు. వీధులు బాగుచేయించాడు, పారిశుద్ధ్యం మెరుగుపరచాడు, పెద్ద మార్కెట్ కట్టించాడు. కాని ఖర్చుకు అడ్డూ ఆపూ లేకపోయింది. అమెరికా అంతర్యుద్ధకాలంలో పత్తి ఎగుమతులతో పొంగిన బొంబాయి సంపద 1865లో వాటాల వ్యాపారం కూలిపోవడంతో ఒక్కసారిగా కరిగిపోయింది. ఆదాయం తగ్గినా పనులు ఆగలేదు. అప్పులు పెరిగాయి. పన్నులూ పెరిగాయి. కమిషనర్‌ను ప్రశ్నించవలసిన పెద్దలు ప్రభుత్వం నియమించినవారే. పన్ను కట్టేవానికి మాత్రం లెక్క అడిగే హక్కు లేదు.

క్రాఫర్డ్‌ను తొలగించాలనీ, కార్యనిర్వహణాధికారాన్ని కమిషనర్ నుండి తప్పించి కొందరు సభ్యుల సంఘానికి అప్పగించాలనీ పలువురు కోరారు. అటువంటి వేళ ఒక సభలో పాతికేళ్లు దాటిన న్యాయవాది ఒకరు లేచి, అందుకు పూర్తిగా భిన్నమైన వాదం వినిపించారు. నగరానికి క్రాఫర్డ్ చేసిన మేలును మరువరాదన్నారు. పని చేయడానికి సమర్థుడైన ఒక్క అధికారి ఉండాలనీ, ఆ అధికారి చేత లెక్క చెప్పించడానికి ప్రజలు ఎన్నుకొన్న సభ ఉండాలనీ సూచించారు. ఆ మాటలు సభికులకు రుచించలేదు. ఆ న్యాయవాదియే ఫిరోజ్‌షా మెహతా.

మెహతా 1845 ఆగస్టు 4న బొంబాయిలోని ఒక పార్శీ వర్తక కుటుంబంలో జన్మించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, ఎం.ఏ. పట్టం పొందారు. ఆ తరువాత ఇంగ్లండుకు వెళ్లి న్యాయశాస్త్రం అభ్యసించారు. అక్కడ దాదాభాయి నౌరోజీ సాహచర్యం లభించింది. 1868లో బారిస్టరై స్వదేశానికి తిరిగి వచ్చారు. న్యాయవాదిగా ధనమూ కీర్తీ గడించినా, ఆయన మనస్సు ఎక్కువగా నిలిచింది నగరపాలక సంస్థ వ్యవహారాలమీదే.

1872లో వచ్చిన చట్టం మెహతా సూచించిన దారికి దగ్గరగా నడిచింది. అరవైనాలుగు మంది సభ్యులతో కార్పొరేషన్ ఏర్పడింది. వారిలో సగం మందిని పన్ను చెల్లింపుదారులు ఎన్నుకొంటారు. కమిషనర్ పదవి యథాతథంగా నిలిచింది. అయితే 1887లో ప్రభుత్వం మరో బిల్లు తెచ్చింది. అందులో కమిషనర్‌దే పైచేయిగా ఉండేలా కొన్ని నిబంధనలు చేర్చారు. అప్పటికి శాసనమండలి సభ్యులైన మెహతా, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ ఆ బిల్లులోని నిబంధనలను ఒక్కొక్కటిగా పరిశీలించి, పట్టుదలతో వాదించారు. ఫలితంగా 1888 చట్టంలో నగర పరిపాలన కార్పొరేషన్‌కే చెందుతుందని స్పష్టమైంది. కమిషనర్ ఆదాయవ్యయాల అంచనాలు తయారుచేయాలి, స్థాయీ సంఘం వాటిని పరిశీలించాలి, సభ ఆమోదించాలి. ఈ వరుస తప్పితే రూపాయి కూడా కదలడానికి వీలులేదు. చూడడానికి ఇది గుమాస్తాల వ్యవహారంలా కనిపిస్తుంది గాని, పరాయి పాలనలో ప్రజాప్రతినిధులు అధికారిని లెక్క అడగగలగడం సామాన్య విషయం కాదు.

లెక్క అడగడమంటే పనికి అడ్డుపడడమని మెహతా ఎన్నడూ భావించలేదు. నగరానికి నీరందించే తాన్సా జలాశయం 1892లో పూర్తయింది. అంతటి భారీ నిర్మాణాలకు కార్పొరేషన్ వెనుదీయలేదు. పోలీసు ఖర్చుల విషయంలో మాత్రం మెహతా ఏళ్ల తరబడి ప్రభుత్వంతో పోరాడారు. పోలీసులపై నగర సభకు అధికారం లేనప్పుడు ఆ భారం నగరవాసులెందుకు మోయాలన్నది ఆయన ప్రశ్న. 1907లో ఆ చిక్కు వీడింది. పోలీసు ఖర్చును ప్రభుత్వం స్వీకరించగా, ప్రాథమిక విద్య, వైద్య సహాయాల బాధ్యతను కార్పొరేషన్ చేపట్టింది.

అంతకంటె కఠినమైన పరీక్ష ఇళ్ల విషయంలో ఎదురైంది. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. గాలి వెలుతురు సోకని ఇరుకు గదులలో క్రిక్కిరిసి బ్రతికే కార్మికులు వేల సంఖ్యలో మరణించారు. నగరాన్ని సంస్కరించడానికి ప్రభుత్వం 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పింది. ఇళ్లు కూల్చడం, వీధులు వెడల్పు చేయడం, కొత్త పేటలు వేయడం దాని పనులు. ఆ సంస్థకు కార్పొరేషన్ ఏటా ధనమివ్వాలి. కాని ట్రస్టు సభ్యులలో కార్పొరేషన్ ఎన్నుకొన్నవారు కొద్దిమందే. సొమ్ము నగరానిది, నిర్ణయం మరొకరిది. ఈ పద్ధతిని మెహతా ఆమోదించలేదు. ఆయన శంక నిరాధారం కాదు. ట్రస్టు కూల్చినంత వేగంగా కట్టలేకపోయింది. నిలువనీడ కోల్పోయిన పేదలు పక్క పేటలలోని ఇరుకు ఇళ్లకే చేరారు.

అయితే కార్పొరేషన్ కూడా పేదల సభ కాదు. ఓటు హక్కు పన్ను కట్టే కొద్దిమందికే పరిమితం. ఇళ్ల యజమానులకు ఆ సభలో గట్టి పలుకుబడి ఉండేది. ఒక్క గదిలో అద్దెకుండే మిల్లు కార్మికుని తరఫున లెక్క అడిగేవారు అందులో అరుదు. మెహతా నిర్మించిన వ్యవస్థలోని ఈ వెలితి ఆయన జీవితకాలంలో పూడలేదు.

ఆయన పలుకుబడి కొందరు ఆంగ్లేయ అధికారులకు కంటగింపయింది. 1907 కార్పొరేషన్ ఎన్నికలలో ఆయనను ఓడించడానికి వారు ఒక ఆంగ్ల పత్రికా సంపాదకునితో చేతులు కలిపి, తమ అభ్యర్థుల జాబితా తయారుచేసి ఓట్లు కూడగట్టారు. పదహారు స్థానాలకు జరిగిన ఆ పోటీలో మెహతా పదిహేడవ వారయ్యారు. నగరమంతా నివ్వెరపోయింది. గెలిచినవారిలో ఒకరి ఎన్నిక చెల్లదని తేలడంతో ఆయన మళ్లీ సభలో అడుగుపెట్టారు. అంతకుముందే మూడుసార్లు అధ్యక్షపదవి నిర్వహించిన మెహతా 1911లో నాలుగవసారి ఆ పీఠమెక్కారు.

1915 నవంబరు 5న మెహతా కన్నుమూశారు. 1923లో కార్పొరేషన్ భవనం ఎదుట ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన ఆమోదించని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు 1933 నాటికి కార్పొరేషన్‌లో విలీనమైపోయింది.