గామా పహిల్వాన్: నిలిచే లెక్క, నిలవని లెక్క

బాక్సింగ్ మాట వస్తే మన యువకుల మధ్య వాదన తెగదు. ఒకరు ముహమ్మద్ అలీ అంటారు, మరొకరు జో లూయిస్ అంటారు, ఓటమి ఎరుగని రాకీ మార్సియానోను మించినవాడు లేడని ఇంకొకరు పట్టుబడతారు. కుస్తీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన ఇళ్లలో రెండో మాట ఉండదు. గామా పహిల్వాన్! 5,000 కుస్తీలు పట్టి ఒక్కదానిలోనూ ఓడని వీరుడని పెద్దలు చెబుతారు, పిల్లలు వింటారు. ఇంతకూ ఆ 5,000 ఎవరు లెక్కపెట్టారు? ఈ వారం గామా జీవితాన్ని ఈ ప్రశ్నను ముందుంచుకునే పరిశీలించాలని మేము భావించాము.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. అమృత్‌సర్ ప్రాంతంలోని జబ్బోవాల్ గ్రామంలో 1878లో జన్మించినట్లు ఎక్కువమంది రాశారు. కాశ్మీరీ మూలాలున్న కుటుంబం. కుస్తీ వారి వంశ విద్య. తండ్రి అజీజ్ బఖ్ష్ కూడా పహిల్వానే. గామా చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు. యతీముగా మిగిలిన ఆ బాలుణ్ణి తల్లి తరఫు బంధువులు చేరదీసి గోదాలోకి దించారు. పదేళ్ల వయసులో జోధ్‌పూర్‌లో జరిగిన బస్కీల పోటీలో వందలాది పెద్ద పహిల్వాన్ల నడుమ చివరి వరకు నిలిచి మహారాజు మెప్పు పొందాడని ప్రతీతి. ఆ తరువాత దతియా సంస్థానం ఆయన శిక్షణకు అండగా నిలిచింది.

ఆ రోజుల్లో హిందుస్తాన్‌లో పేరు మోసిన పహిల్వాన్ రహీం బఖ్ష్ సుల్తానీవాలా. దాదాపు ఏడడుగుల మనిషి. గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాల ప్రాంతం. పదిహేడేళ్ల ప్రాయంలోనే గామా ఆయనను సవాలు చేశారు. గంటల తరబడి పట్టిన ఆ కుస్తీ తేలలేదు. ఓడకపోవడమే గొప్పగా లోకం చెప్పుకొంది. గామా మాత్రం రహీంను చిత్తు చేయడానికి ఇంకా ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. లండన్ నుంచి తిరిగి వచ్చాక అలహాబాదులో ఆ కోరిక తీరింది.

1910లో శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ ధనికుని సాయంతో గామా, ఆయన తమ్ముడు ఇమాం బఖ్ష్ మరి కొందరితో కలిసి ఇంగ్లండు వెళ్లారు. పొట్టివాడని అక్కడ మొదట గామాను ఎవరూ లెక్కచేయలేదట. ఆగస్టులో అమెరికా మల్లుడు డాక్టర్ బెంజమిన్ రోలర్‌ను మొదటిసారి రెండు నిమిషాల లోపు, రెండోసారి పది నిమిషాల లోపు పడగొట్టడంతో లండన్ పత్రికలు ఆయన వైపు తిరిగాయి. సెప్టెంబరు 10న జాన్ బుల్ బెల్టు కోసం పోలండుకు చెందిన స్టానిస్లాస్ జ్బిస్కోతో తలపడ్డారు. జ్బిస్కో బరువులో గామాను చాలా మించినవాడు. మొదట్లోనే కిందపడి, ఆ తరువాత నేలను కరచుకొని లేవకుండా కాలం గడిపాడు. రెండున్నర గంటలు దాటినా ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ తలపడాలని నిర్ణయించారు. సెప్టెంబరు 17న గామా వచ్చారు, జ్బిస్కో రాలేదు. బెల్టు గామాకు దక్కింది.

ఆ బాకీ 1928 జనవరిలో పటియాలాలో తీరింది. మహారాజా భూపిందర్ సింగ్ ఏర్పాటు చేసిన ఆ కుస్తీలో జ్బిస్కోను గామా నిమిషం తిరక్కుండానే చిత్తు చేశారు. రుస్తుమె జమాన్ అన్న బిరుదు ఆయన పేరుతో స్థిరపడిపోయింది.

ఇక లెక్కకు వద్దాం. మదర్సాలో మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి ఇది. ఒక మాట ఎంత మధురంగా ఉన్నా ముందు దాని సనదు చూడాలి. అంటే ఎవరి నుంచి ఎవరు విన్నారో ఆ గొలుసును పరీక్షించాలి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) రుకానా అనే మల్లునితో కుస్తీ పట్టి పడగొట్టిన ఉదంతం మనకు తెలిసినదే. దానిని తన గ్రంథంలో చేర్చిన ఇమామ్ తిర్మిజీ (రహ్మతుల్లాహి అలైహి) దాని సనదు గట్టిది కాదని అక్కడే రాసిపెట్టారు. దానిపై వేరే అభిప్రాయం ఉన్న పండితులు కూడా లేకపోలేదు. ఇక్కడ మనం గమనించవలసింది తిర్మిజీ గారి నిజాయితీని. ప్రవక్తపై ప్రాణం పెట్టుకున్న మనిషి! ఆ ప్రేమ ఆయన కలాన్ని తప్పుదారి పట్టించలేదు. అలాంటప్పుడు ఒక పహిల్వాన్ విషయంలో మనకెందుకు ఇంత ఉదారత?

ఈ తూకంలో 5,000 సంఖ్య నిలవదు. దాన్ని తేదీలతో, ప్రత్యర్థుల పేర్లతో రాసిపెట్టిన పట్టిక ఏదీ లేదు. బరోడా మ్యూజియంలో గామా ఎత్తారని చెప్పే 1,200 కిలోల రాయి ఉంది. నేటి మహా బలాఢ్యులు ఇనుప కడ్డీకి చక్రాలు తగిలించి నేల నుంచి లేపే బరువు 500 కిలోల ప్రాంతంలోనే ఉన్నదని తెలిసినవారు ఆ మాటను ఎలా నమ్ముతారు? రాయిని కదిలించారో, ఒక పక్క లేపారో, ఎత్తారన్న మాట మాత్రం పొగడ్తే. మరి నిలిచేవి ఏవి? లండన్ కుస్తీలు నిలుస్తాయి. వాటిని గడియారం పెట్టి చూసిన పరాయివాళ్లే పత్రికల్లో రాశారు. పటియాలా నిలుస్తుంది. అందులోనూ ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. బెల్టు దక్కింది ప్రత్యర్థి రాకపోవడం వల్ల. పటియాలా నాటికి గామాకు యాభై ఏళ్లు, జ్బిస్కోకూ యాభై సమీపిస్తున్నాయి.

బాక్సర్ల సంగతీ ఇంతే. మార్సియానో 49 పోటీలకు 49 గెలిచాడు. ఆ 49లో 1951లో 37 ఏళ్ల వయసుకు చేరిన జో లూయిస్‌పై గెలుపు కూడా ఒకటి. అదే లూయిస్ 1937 నుంచి 1949 వరకు కిరీటాన్ని 25 సార్లు నిలుపుకున్నవాడు. ముహమ్మద్ అలీ 61 పోటీలలో 5 ఓడారు. కానీ 1967లో వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరనన్నందుకు మూడేళ్లకు పైగా ఆయనను రింగులోకి రానివ్వలేదు. మంచి వయసులో పోయిన ఆ ఏళ్లు ఏ అంకెలోనూ కనిపించవు. కాబట్టి సంఖ్యతో పాటు ప్రత్యర్థి ఎవరు, అతని వయసెంత, బరిలోకి రాకుండా ఆపినదేమిటి అని కూడా అడగాలి. అలా అడిగితే గామా స్థానం తగ్గదని మా అభిప్రాయం. తన కాలంలో దొరికిన ప్రతి మేటి మల్లుణ్ణీ సవాలు చేసి, బహిరంగ కుస్తీలో ఎవరిచేతా చిత్తు కాకుండా బరి వదిలిన మనిషికి లేని అంకెల అలంకారం అవసరం లేదు.

గోదా బయట ఆయన జీవితంలో మరో పరీక్ష వచ్చింది. 1947 అల్లర్లలో గామా లాహోర్‌లోని మోహనీ రోడ్డులో నివసిస్తున్నారు. అక్కడి హిందూ కుటుంబాలపైకి వచ్చిన గుంపుకు తన శిష్యులతో అడ్డు నిలిచి, వారిని క్షేమంగా సరిహద్దు దాటించే ఏర్పాటు చేశారని చెబుతారు. ఈ కథనానికీ అదే తూకం వేయాలి. గుంపు ఎంత పెద్దది, ఎవరు ఏమన్నారు అన్న వివరాలు ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా ఉన్నాయి. కానీ పొరుగువారికి ఆయన కాపలా కాశారన్న అసలు సంగతి అన్నింటిలోనూ ఒకటే. వేరువేరు దారుల్లో వచ్చిన మాటలు ఒకే విషయంపై కలిస్తే దానికి బలం చేకూరుతుందని మన ఉలమాలు చెప్పారు. బలవంతుడంటే కుస్తీలో పడగొట్టేవాడు కాదని, కోపంలో తనను తాను నిగ్రహించుకునేవాడని దైవప్రవక్త (సల్లం) బోధించారు. పంజాబు అంతా కోపంతో రగిలిన ఆ వేసవిలో గామా ఈ అర్థంలో కూడా బలవంతుడే.

చివరి రోజులు జబ్బుతో, ఇబ్బందులతో గడిచాయి. సరిహద్దుకు ఇవతల ఉన్న పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా ఆయనకు ధనసహాయం పంపినట్లు పలువురు రాశారు. 1960 మే 23న గామా లాహోర్‌లో పరమపదించారు.

మన పిల్లలకు గామా కథ తప్పక చెప్పండి. లండన్ చెప్పండి, పటియాలా చెప్పండి, మోహనీ రోడ్డు చెప్పండి. 5,000 అని మాత్రం చెప్పకండి. మనవాళ్ల గురించి అయినా సరే నిజమైన సాక్ష్యమే పలకాలని మన ధర్మం ఆదేశిస్తున్నది. మనవాడి గొప్పను పెంచి చెప్పే అలవాటు ఇంట్లో పడితే, ఎదుటివాడి తప్పును పెంచి చెప్పడానికి ఎంతో కాలం పట్టదు. 1947లో గుంపులను కదిలించింది అలాంటి పెంచి చెప్పిన మాటలే కదా! పొగడ్తలోనూ కోపంలోనూ నిజం పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.