తప్పిన పరీక్షలు, తప్పని దీక్ష

పరీక్ష తప్పినవాని దుఃఖం ఒక్కటి కాదు. మొదటి పర్యాయం తప్పితే లోకం జాలిపడుతుంది. రెండవ పర్యాయం సలహా చెబుతుంది. మూడవ పర్యాయం ఏమీ అడగక ఊరకుంటుంది. ఆ ఊరకుండటమే అన్నిటికన్న దుర్భరం. అందునా వైద్యవృత్తికి సంబంధించిన పరీక్ష అయితే బాధ మరింత తీవ్రం. చేతికి పని తెలిసియుంటుంది. ఎదుట రోగి ఉంటాడు. నడుమ ఒక కాగితం అడ్డు నిలుస్తుంది.

సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరువు ప్రాంతాన ఉన్న బొల్లారం పారిశ్రామికవాడ ఔషధ కర్మాగారాలకు పేరుపడినది. రాత్రి పాళీలలో పనిచేసి, పగలు పుస్తకం పట్టే యువతీయువకులు అటువంటి చోట్ల ఎందరో ఉంటారు. ఒకరిది ఫార్మసీ పరీక్ష, మరొకరిది విదేశంలో నర్సు ఉద్యోగానికి అర్హత పరీక్ష. తప్పి, మరల కట్టి, మరల తప్పినవారు తమ కథ తమ ఒక్కరిదే అనుకుంటారు. ఆధునిక ఔషధ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒక తెలుగువాడున్నాడనీ, ఆయన జీవితమంతా ఇటువంటి తప్పిన మెట్లతోనే నిండియున్నదనీ వారు తెలుసుకొనదగును.

ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు బిడ్డలలో ఈయన నాలుగవవాడు. సంపన్న కుటుంబం కాదు. చదువుమీద బాలునికి మొదట మనసు నిలువలేదు. ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనం గడించవలెనన్న తలంపుతో బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించినది. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయాలు తప్పినది. ఇంతలో తండ్రి కాలధర్మం చెందారు. చివరకు మదరాసు హిందూ హైస్కూలునుండి మూడవ పర్యాయం కూర్చొని ఉత్తీర్ణులైనారు.

ఈ మూడవ పర్యాయం వెనుక వెంకమ్మగారి పట్టుదల ఉన్నది. ఓడిన బిడ్డను ఇంటిలో కూర్చుండబెట్టక, ఇక చాలుననక, మరల పంపిన తల్లి ఆమె. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతూ ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్యసించవలెనని సంకల్పించినప్పుడుకూడా అనుమతి ఇవ్వనిది ఆమెయే. తల్లి సమ్మతి లేనిదే మఠంవారు స్వీకరించలేదు. సేవ చేయవలెనన్న కోరిక మాత్రం అణగలేదు. అది వైద్యవిద్యగా మారినది. మదరాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమైనది. మామగారు చదువునకు అండ నిలిచారు.

అసలు దెబ్బ ఇక్కడ తగిలినది. విదేశీ వస్త్రాలను బహిష్కరించవలెనని గాంధీజీ పిలుపునిచ్చిన కాలమది. సుబ్బారావుగారు శస్త్రచికిత్సశాలలోనికి ఖద్దరు అంగీ ధరించి వచ్చారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు ఇది రుచించలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా రాణించినా ఎం. బి., బి. ఎస్. పట్టా దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్. ఎం. ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే చేతికి వచ్చినది. తెలియక తప్పిన పరీక్ష ఒకటి, తెలిసికూడా నెగ్గనీయని పరీక్ష మరొకటి. ఈ రెండవదానికి మరల చదువుకొనడం ఔషధం కాదు. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు. అదీ ఫలించలేదు.

ఇంటిలోనూ పిడుగు పడినది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇరువురూ కొద్దిదినాల ఎడంలోనే స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలియైనారు. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి శుష్కించిపోయే జబ్బు అది. సుబ్బారావుగారికికూడా అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత కోలుకున్నారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించే ఉద్యోగం లభించినది. పెద్ద పట్టా లేనివాడని మిగిలినవారు మూసిన తలుపు ప్రక్కన ఒక చిన్న తలుపు తెరచుకున్నది. ఆయన దానిని చిన్నదని తిరస్కరించలేదు.

అయినా పరిశోధన చేయవలెనన్న తపన నిలువనీయలేదు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి చేయూత ఆధారంగా అమెరికాకు ప్రయాణమై, బోస్టనులోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివారు. అక్కడకూడా ఎల్. ఎం. ఎస్. ఆయనను వెన్నంటినది. ఆ యోగ్యతతో ఆసుపత్రిలో వైద్యుడుగా నిలుచుటకు వీలులేకపోయినది. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి శుభ్రపరచే పనికి కుదిరారు. మదరాసులో శవపరీక్ష బల్లవద్ద పాఠం చెప్పిన చేతులవి. ఆ పని చేయుటలో ఆయన చిన్నతనం చూడలేదు. పగటి చదువునకు రాత్రి కూలి తోడ్పడినది.

పట్టా అడుగని స్థలం ఒకటి లోకంలో ఉన్నది. అది ప్రయోగశాల. అక్కడ గాజుగొట్టంలోని ద్రవానికి మనిషి పూర్వాపరాలతో పనిలేదు. జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావుగారు రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరసు ఎంత ఉన్నదో రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మాలిబ్డేటుతో ఏర్పడే నీలివర్ణపు గాఢతయే ఆ కొలత. లోకమంతటా విద్యార్థులకు ఈ పద్ధతి నేటికీ ఫిస్కే–సుబ్బారావు పేరనే పరిచితం. ఆ కొలతయే మరి రెండు ద్వారాలు తెరచినది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు బయటపడినవి. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో లోమన్‌కూడ విడిగా కనుగొన్నారు. ప్రాణి కదలికకు వలసిన శక్తి ఏ రూపంలో నిలువయుండునో అప్పుడు తెలిసినది. 1930లో పిహెచ్. డి. లభించినది.

కథ ఇక్కడ సుఖాంతమైనదని పాఠకులు భావించవచ్చును. కాలేదు. హార్వర్డులో శాశ్వతమైన ఆచార్యపదవి ఆయనకు దక్కలేదు. 1940లో విశ్వవిద్యాలయం వదలి, లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనశాలకు తరలిపోయారు. అనుకున్న గౌరవం అందనప్పుడు ఆయన పని ఆపలేదు, పనిచేసే చోటు మార్చుకున్నారు. అదే ఆయన ప్రతి ఓటమిలోనూ అనుసరించిన మార్గం.

కాలేయంలో రక్తహీనతను పోగొట్టే పదార్థమేదో ఉన్నదని వెదకుతూ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగినది. ఈ ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులలోని రక్తహీనతకు గుణమిచ్చినది. ఇరువురు సోదరులను మ్రింగిన వ్యాధికి సమాధానం పాతికేళ్ల తరువాత, సముద్రాల ఆవల, వారి సోదరుని పరిశోధనశాలనుండి వెలువడినది. ఫోలిక్ ఆమ్లానికి విరోధియైన అమినాప్టెరిన్‌కూడ అక్కడనుండే వచ్చినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు కాన్సరుతో బాధపడే పసిబిడ్డలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుట చూచి 1948లో ప్రకటించారు. బోదవ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజీన్, డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ ఆయన పరిశోధనాధికారిగా ఉన్న కాలంలోనివే.

1948 ఆగస్టులో న్యూయార్కులో, నిద్రలోనే, 53వ ఏట ఆయన కన్నుమూశారు. స్వదేశం మరల చూడలేదు. భార్య శేషగిరిగారి నిరీక్షణ ఫలించలేదు. విజయగాథలు చెప్పేవారు ఈ భాగాన్ని దాటవేస్తారు. దాటవేయరాదు. ఓటములను అధిగమించుటకు చెల్లించిన మూల్యం ఆయన ఒక్కరిదే కాదు, అనపర్తిలో ఎదురుచూచిన ఇల్లాలిదికూడా. 1995లో శతజయంతి సందర్భాన భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ల వెలువరించినది.

మూడుసార్లు వ్రాసిన ప్రతివాడూ సుబ్బారావు కాడు, కానక్కరలేదు. కాని తప్పిన పరీక్ష ఒకని తెలివికి కడపటి తీర్పు కాదనుటకు ఈ జీవితం నిదర్శనం. ఒకప్పుడు అది చాలని చదువునకు గుర్తు, ఒకప్పుడు అధికారి అయిష్టానికి గుర్తు. ఏది ఏదో గుర్తించి, మొదటిదానికి మరల పుస్తకం, రెండవదానికి మరొక దారి పట్టుటయే వివేకం. ఓడినవానిని మరల పంపే తల్లి, చిన్న ఉద్యోగమిచ్చే పెద్దమనిషి, దారిఖర్చు భరించే ధర్మసంస్థ లేకపోతే ఆ వివేకంకూడా చాలదు. తప్పినవారి ఇంటివారు ఆలోచించవలసిన మాట ఇది.

గర్భిణీ స్త్రీలకు రక్తం పట్టుటకై ప్రభుత్వ ఆసుపత్రులలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను చేతిలో పెట్టే నర్సు అర్హత పరీక్ష రెండుసార్లు తప్పినదే కావచ్చును. దానివలన మాత్ర గుణం తగ్గదు. తల్లికి, బిడ్డకు మేలు జరుగుతూనే ఉంటుంది.